ఎవరూ లేనప్పుడు తిరిగే డిస్కు

మొన్న ఒకాయన అటక మీద నుంచి పాత సీడీ ప్లేయరు దించుకుని మా ఇంటికి తెచ్చినాడు. "డిస్కు తిప్పడం లేదు సార్, కాస్త చూస్తారా?" అని అడిగినాడు. నా కళ్లు ఇప్పుడు అంత సన్నపనికి రావు. చూడలేనని చెప్పి, టీ ఇచ్చి పంపించినాను. కానీ డిస్కు తిప్పడం లేదు అన్న మాట చెవిన పడితే చాలు, నాకు ఎమ్మిగనూరులో ఒక రేకుల గది గుర్తుకొస్తుంది. ఆ రోజు ఇంక వేరే పని మీద మనసు నిలవదు.

రిపేరు పని నేర్చుకుంటామని ఇప్పటికీ కొందరు నా దగ్గరికి వస్తుంటారు. మీటరు ఎట్లా పట్టుకోవాలి, ఐసీ ఎట్లా పీకాలి అని అడుగుతారు. అవి పుస్తకాల్లో ఉన్నాయి, ఇప్పుడు ఫోన్లలో కూడా ఉన్నాయి. నేను చెప్పగలిగింది వేరే. చెడిపోయిన సామాను ఒంటరిగా షాపుకు రాదు. దాని వెంట ఒక ఇల్లు వస్తుంది. ఆ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో, ఎవరు పోయినారో, ఎవరు ఇంకా ఎదురుచూస్తున్నారో అన్నీ ఆ డబ్బాలోనే వస్తాయి. మీరు మూత మాత్రం తీస్తామనుకుంటారు.

రాతిగోడల షాపు

మా నాయన మంత్రాలయం దగ్గర ఒక ఊళ్లో గుడిసేవ చేసేవాడు. నాకు గురురాజు అని పేరు పెట్టి, నేనూ అదే పని చేస్తానని ఆశపడినాడు. నాకేమో చిన్నప్పటినుంచి గుళ్లో మైకు సెట్టు మీదే కన్ను. డెబ్భైల మొదట్లో ఆదోనికి వచ్చి మహబూబ్ సాబ్ రేడియో షాపులో చేరినాను. పాత రాతికట్టడం అది. గోడలు మూర మందం. బయట ఆదోని ఎండ మండిపోతున్నా లోపల బావిలో కూర్చున్నట్లు ఉండేది.

మహబూబ్ సాబ్ చేతిపని గొప్పది, ఓపిక తక్కువ. ఏదైనా అంతుపట్టకపోతే పార్టు మార్చేద్దాం అనేవాడు. ఆ అలవాటు నాకు నచ్చేది కాదు, ఇప్పటికీ నచ్చదు. మంచి పార్టు తీసి ఇంకో మంచి పార్టు వేస్తే జబ్బు అట్లే ఉంటుంది. కానీ ఆయన దగ్గర నేర్చుకున్న ఒక మాట మాత్రం నా పనిని నలభై ఏండ్లు నిలబెట్టింది.

పెద్దకడుబూరు నుంచి ఒక రైతు రేడియో తెచ్చినాడు. రేడియో బాగానే పలుకుతుంది. ఆయన బాధ అది కాదు. రేడియో ఆపేసినాక దాంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినపడుతోందని ఆయన భార్య అంటోందట. ఆమెకు ఆ ఏడే ఒక బిడ్డ పుట్టి పోయింది. "ఆడమనిషి, దుఃఖంలో ఉంది, ఏదో అనుకుంటోంది" అన్నాను నేను. మహబూబ్ సాబ్ టంకం వేసే ఇనుము పక్కన పెట్టి నన్ను చూసినాడు.

"అరే గురురాజూ, మనిషి వినపడింది అంటే వినపడిందనే. ఆమె ఏం వినిందో కనుక్కునేది మన పని. ఆమె మనసెట్లుందో చెప్పేది మన పని కాదు."

మూత తీసి చూస్తే, ట్రాన్స్‌ఫార్మరు పక్కన దూది, గడ్డి పోగుచేసి ఎలుక పిల్లలు పెట్టింది. ఇంకా కళ్లు తెరవలేదు. రేడియో పెట్టినంత సేపూ వెచ్చగా పడుకునేవి. ఆపినాక చలికి ఏడ్చేవి. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఆ ఏడుపు విన్నాక ఆమెను నేను ఏమీ అనలేకపోయినాను.

ముందు చూస్తుంది, తర్వాత తిరుగుతుంది

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం, పొద్దున్నే షాపు తీస్తుండగా ఎమ్మిగనూరు నుంచి తిక్కయ్య అనే మనిషి వచ్చినాడు. పత్తి మిల్లులో పని. తువ్వాలలో చుట్టిన సీడీ ప్లేయరు ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చినాడు. అప్పటికి ఆదోనిలో సీడీ ప్లేయరు చూసినవాళ్లే తక్కువ. బెహ్రెయిన్‌లో పనిచేసే వాళ్లన్న ఈరన్న సెలవులో వచ్చినప్పుడు తెచ్చినాడట.

"తిరగడం లేదా?" అని అడిగినాను.

"తిరగదు సార్" అన్నాడు తిక్కయ్య. తువ్వాల మడిచి, "మనిషి చెయ్యి పెడితే తిరగదు. ఎవరూ లేనప్పుడు తిరుగుతాది" అన్నాడు.

మహబూబ్ సాబ్ తలెత్తినాడు.

తిక్కయ్య చెప్పింది ఇది. ఈరన్న తిరిగి బెహ్రెయిన్ పోయిన కొన్నాళ్లకు, సముద్రంలో పనివాళ్ల పడవ మునిగిందని కబురొచ్చింది. కొందరు దొరికినారు. ఈరన్న దొరకలేదు. శవం రాలేదు కాబట్టి తల్లి లింగమ్మ నమ్మలేదు. కర్మ చేయనీయలేదు. కోడలు సావిత్రమ్మను బొట్టు తీయనీయలేదు. అన్న ఉండిన మేడ మీది గదికి తిక్కయ్య బీగం వేసినాడు. ఎండలు ముదిరినాక, మధ్యాహ్నాలు ఆ గదిలో మనిషి నడిచిన చప్పుడు మొదలైంది.

"నేను మిల్లులో ఉంటా. నమ్మలే. ఒకనాడు ఇంట్లో ఉండి విన్నా. నడ్సినాడు సార్. తలుపు తెర్సినాడు. తర్వాత వాన."

"వానా?" అన్నాను. ఆ సంవత్సరం మా వైపు చినుకు పడలేదు.

"వాన సార్. రేకుల మీద దడదడ. బయట సూస్తే ఎండ. ధైర్యం చేసి పైకి పోయినా. బీగం వేసింది వేసినట్లే ఉండాది. తీసి సూస్తే ఎవరూ లేరు. ఈ మిషను పచ్చలైటు ఎలుగుతాండాది, లోపల డిస్కు గిర్రుమంటాండాది. వాన దీంట్లోంచే వస్తాంది, సరే. మరి దీన్ని పెట్టింది ఎవరు? నడ్సింది ఎవరు? సాయంత్రం నేను నొక్కితే తిరగదు. పొద్దన నొక్కితే తిరగదు."

"మరి రిపేరుకు ఎందుకు తెచ్చినావు?"

"తిరిగితే అందరికీ తిరగల్ల సార్. లేకుంటే ఎవరికీ తిరగగూడదు."

ఇక్కడ పని నేర్చుకునే పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. సీడీ ప్లేయరు టేప్‌రికార్డరు లాంటిది కాదు. టేప్‌రికార్డరు మీట నొక్కితే క్యాసెట్టు ఉన్నా లేకున్నా తిరుగుతుంది. సీడీ ప్లేయరు ముందు చూస్తుంది. డిస్కు కింద చిన్న గాజు కన్ను ఉంటుంది. మీట నొక్కగానే అది మెల్లగా లేచి దిగుతుంది, రెప్ప ఆడించినట్లు. దాంట్లోంచి మన కంటికి ఆనని వెలుగు పోయి, డిస్కుకు తగిలి వెనక్కు రావాలి. వస్తే, పైన డిస్కు ఉందని నమ్మి మోటారు తిప్పుతుంది. రాకపోతే, ఎదురుగా డిస్కు ఉన్నా సరే, ఏమీ లేదనుకుని ఊరుకుంటుంది. అందుకే డిస్కు తిరగడం లేదంటే మోటారును తిట్టకండి. ముందు కన్ను చూడండి. ఆ కంట్లోకి మాత్రం మీరు చూడకండి, చూపు పోతుంది.

మేము కన్ను తుడిచినాము. అది లేచింది, దిగింది, చూడాల్సింది చూసింది. డిస్కు మాత్రం కదల్లేదు. మహబూబ్ సాబ్ మోటారు పోయిందన్నాడు. బ్యాటరీ కలిపి చూస్తే మోటారు చక్కగా తిరిగింది. అయితే ఐసీ, మద్రాసు నుంచి తెప్పిద్దామన్నాడు. డిస్కు మీద జపాను రాతలు, ఒక చక్రం బొమ్మ తప్ప మాకు అర్థమయ్యేది ఏమీ లేదు.

"సాబ్, ఈడ కాదు, వాళ్లింట్లో తిరుగుతుందంటున్నాడు కదా. వాళ్లింటికే పోయి చూస్తా" అన్నాను. ఆయన వద్దనలేదు. ఆయన నేర్పిందే కదా.

బస్సులో తిక్కయ్య నా పక్కన కూర్చున్నాడు. మిషను ఇద్దరి ఒళ్లలో ఉంది. ఎవరో చెప్పినారని, కోడుమూరు దోవలో గూడూరు తట్టు నుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించినానని అప్పుడు చెప్పినాడు.

"మిషనుకా?"

"మిషనుకేముంది సార్. మా వదినకు. ఆ చప్పుడైనప్పుడల్లా పోయి మెట్ల మీద కూసుంటాది. నవ్వదు, ఏడవదు. ఊరంతా అంటాంది, ఆమె పిలిస్తేనే వస్తాండాడని. వాడొచ్చి వేపమండలతో నాలుగు కొడితే దిగిపోతాదంట. తర్వాత ఆస్పరిలో వాళ్ల పుట్టింటికి పంపిచ్చేస్తాం."

"ఆమెను అడిగినావా?"

"ఏమని అడగల్ల?" అన్నాడు.

అతను చెడ్డమనిషి కాదు. భయపడిన మనిషి. ఆ రెండింటికీ తేడా ఉందని నాకు తెలుసు గానీ, దెబ్బలు తినేవాళ్లకు ఆ తేడా తెలియదు.

రేకుల గది

ఇల్లు మగ్గాల వీధిలో. కింద బండల మిద్దె, పైన ఈరన్న డబ్బుతో వేసిన ఒక్క రేకుల గది. లింగమ్మ గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉండింది. మోకాళ్ల నొప్పులతో ఆమె మెట్లెక్కి చాన్నాళ్లయింది. సావిత్రమ్మ నీళ్లిచ్చింది. ముప్పై దాటని మనిషి, నుదుట పెద్ద బొట్టు. చిన్న కూతురు ఆమె కొంగు వదలడం లేదు.

తిక్కయ్యతో చెప్పినాను: "ఇది ఎక్కడ ఎట్లా ఉండేదో అట్లే పెట్టు. ఒక్కటి కూడా మార్చొద్దు." అతను గదిలో ఆంప్లిఫయర్ మీద ప్లేయరు పెట్టి, వైర్లు తగిలించి, బీగం వేసి తాళంచెవి నా చేతికిచ్చినాడు. అందరం కింద కూర్చున్నాము.

కరెంటు పోయింది. ఆ రోజుల్లో మధ్యాహ్నం కరెంటు పోవడం, అన్నం తిన్నంత మామూలు. ఫ్యాను ఆగింది. వీధిలో మగ్గాలు కూడా ఉక్కకు ఒక్కొక్కటే ఆగినాయి. వడగాలి తప్ప చప్పుడు లేదు. చెమట కారుతోంది. లింగమ్మ కళ్లు మూసుకుని ఉండింది, నిద్రపోయిందనుకున్నాను.

"ఇంగ వాడొచ్చే పొద్దాయ" అన్నది, కళ్లు తెరవకుండానే.

సావిత్రమ్మ లేచి మెట్ల దగ్గరికి పోయింది. తిక్కయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఫ్యాను కదిలింది. కరెంటు వచ్చింది. ఆ తర్వాత మా తల మీద ఒక అడుగు పడింది.

నేను నలభై ఏండ్లు చప్పుళ్లతోనే బతికినాను. మంచి స్పీకరు ఏది, చెడ్డది ఏది నిద్రలో కూడా చెప్పగలను. అది స్పీకరని నాకు అనిపించలేదు. బూట్లేసుకున్న మనిషి, తొందర లేనివాడు. గది కిటికీ వైపు నుంచి బయలుదేరి, మా తలల మీదుగా మెట్ల వైపు నడిచినాడు. లింగమ్మ ముఖం ఆ అడుగుల వెంటే తిరిగింది, పొద్దుతిరుగుడు పువ్వు తిరిగినట్లు. నా ముఖం కూడా తిరిగిందని తర్వాత గమనించినాను. మెట్ల పైన అడుగులు ఆగినాయి. తలుపు తెరుచుకున్న చప్పుడు. బీగం తాళంచెవి నా పిడికిట్లోనే ఉంది.

తర్వాత వాన మొదలైంది.

"తడిసిపోతాండాడు నా బిడ్డ" అన్నది లింగమ్మ. అని, లేచి పొయ్యి దగ్గరికి పోయి, మూతపెట్టిన జొన్నరొట్టె తీసుకుని తినడం మొదలుపెట్టింది.

నేను మెట్లెక్కినాను. సావిత్రమ్మ మధ్య మెట్టు మీద మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉండింది. నాకు దారిచ్చింది. బీగం తీసినాను. గది ఖాళీ. వేడి ముఖాన కొట్టింది. మంచం, గోడకు ఈరన్న చొక్కా, బల్ల మీద మిషను, కిటికీ వైపు ఒకటి, తలుపు వైపు ఒకటి స్పీకరు పెట్టెలు. పచ్చ అంకెలు వెలుగుతున్నాయి. డిస్కు గిర్రున తిరుగుతోంది. బయట కళ్లు పోయే ఎండ, లోపల చెవులు నిండా వాన. ఒక్క చుక్క పడని ఆ వానలో నేను కాసేపు నిలబడిపోయినాను. ఒళ్లు తడిసినట్లే అనిపించింది.

తర్వాత చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. భయమేసినప్పుడు పని పట్టుకోండి, నేను చెప్పగలిగిన మందు అదొక్కటే. మీట నొక్కి ఆపినాను. మళ్లీ నొక్కినాను. తిరిగింది! షాపులో కదలనిది ఇక్కడ నా చేతికి తిరిగింది. అంటే మనుషులు ఉన్నారా లేరా అని కాదు దానికి. వేడి కావాలి దానికి. మూత తీసి, మోటారుకు కరెంటు ఇచ్చే ఐసీ కాళ్ల దగ్గర భూతద్దం పెట్టినాను. ఒక కాలు చుట్టూ టంకంలో వెంట్రుక కంటే సన్నని పగులు. చల్లగా ఉంటే విడిపోతుంది, రేకుల వేడికి ఉబ్బి కలుస్తుంది. మా రాతిగోడల షాపులో అది ఎప్పటికీ కలవదు. పొద్దున, సాయంత్రం ఇక్కడా కలవదు.

మరి నొక్కింది ఎవరు? ముందు పక్క చిన్న జరుపుడు స్విచ్చి ఉంది. షాపులో చూసినా దాని సంగతి పట్టించుకోలేదు, మన దగ్గర ఎవరూ వాడరు. టైముకు పాట మొదలుకావాలనుకునేవాళ్ల కోసం పెట్టింది. అది పైకి ఉంటే, కరెంటు రాగానే ప్లేయరు దానంతట అదే మొదలుపెడుతుంది. ఈరన్న దాన్ని పైకి జరిపి పోయినాడు. మధ్యాహ్నం కరెంటు పోతుంది, గది కాలుతుంది, కరెంటు వస్తుంది, మిషను మొదలవుతుంది.

ఇక డిస్కు. మొదటినుంచి పెట్టి విన్నాను. పాటలు లేవు. కొత్త మిషను కొన్నవాళ్లకు దాని గొప్ప చూపడానికి ఇచ్చే నమూనా శబ్దాలు. అడుగులు, తలుపు, వాన, దూరంగా రైలు. అంతే.

సావిత్రమ్మ చెప్పింది

తిక్కయ్యను పైకి పిలిచి అంతా చూపించినాను. స్విచ్చి కిందికి జరిపితే కరెంటు వచ్చినా ఊరకే ఉంది. పైకి జరిపితే మొదలైంది. అడుగులు వినపడగానే అతను వెనక్కు గెంతినాడు, మళ్లీ సిగ్గుపడి దగ్గరికొచ్చినాడు.

"దీంట్లోవేనా సార్? నడ్సేది కూడా దీంట్లోదేనా?"

"అవును."

అప్పుడు గుమ్మంలో నిలబడిన సావిత్రమ్మను చూసినాడు. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. అది అతనికీ కనపడింది.

"వదినా, నీకు తెలుసునా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మీయన్న తెచ్చిన నాడే వినిపిచ్చినాడు. మన ఊరికి వాన రాదు, నేనే తెచ్చినా రా అని ఈ మంచం మీద కూసోబెట్టి వినిపిచ్చినాడు. మళ్ల రెండు నాళ్లకే తిరగడం మానేసె."

తిక్కయ్య ఆమె వైపు ఒక అడుగు వేసినాడు. "నిన్ను కొట్టేదానికి మనిషిని పిలిపిచ్చినా కదా! ఆ మాట నీకు తెలుసు కదా! ఒక్క మాట సెప్పింటే..."

ఆమె కిందికి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"కబురొచ్చినప్పటినుంచి అత్త ముద్ద ముట్టలే. ఎన్ని తీర్ల బతిమాలినా ముట్టలే. ఆ అడుగులు విన్నపొద్దే లేసి రొట్టె తినె. అప్పటినుంచి అది విన్నాకే తింటాంది. అది డిస్కని సెప్పి, నేను ఆ రొట్టె యెట్ల లాక్కునేది? నాలుగు దెబ్బలే కదా అనుకున్యా." నా వైపు తిరిగింది. "అన్నా, మీ పని మీరు సేసినారు. కింద మాత్రం సెప్పొద్దు."

తిక్కయ్య గోడకు తల ఆనించి ఏడ్చినాడు.

కింద చెప్పాల్సిన పని లేకపోయింది. మెట్లెక్కలేని మనిషనుకున్న లింగమ్మ, గోడ పట్టుకుని, కూర్చుంటూ లేస్తూ, మెట్లన్నీ ఎక్కి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో మాకెవరికీ తెలియదు. ఆయాసపడుతూ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"పెట్టప్పా. నేనూ ఈడ్నే నిలబడి వింటా."

నేను సావిత్రమ్మను చూసినాను. ఆమె కళ్లు మూసుకుంది. మీట నొక్కినాను. అడుగులు నడిచినాయి. లింగమ్మ స్పీకరు పెట్టె దగ్గరికి పోయి, దాని మీద అరచెయ్యి ఆనించింది, జ్వరం చూసినట్లు. తలుపు తెరుచుకుంది. వాన వచ్చింది. అయిపోయేదాకా అట్లే నిలబడి, చెయ్యి తీసుకుంది.

"బాగు సేసి తీసుకురాప్పా" అన్నది. అంతే. కోడలి భుజం పట్టుకుని దిగిపోయింది. దిగేటప్పుడు ఆ చెయ్యి కోడలి భుజం మీద నుంచి తలమీదికి పోవడం చూసినాను.

ఆ సాయంత్రమే తిక్కయ్య గూడూరు మనిషికి రావొద్దని కబురు పెట్టినాడు. సావిత్రమ్మ ఆస్పరికి పోలేదు. తర్వాత కూడా ఎప్పుడూ పోలేదు. ఆ ఇంట్లోనే ఉండి మగ్గం నేర్చుకుని కూతురిని చదివించింది. తిక్కయ్య ఎవరినీ ఆమెను మాట అననీయలేదు, తనూ అనలేదు.

ఒక్క పెట్టె

షాపులో పగులు మీద కొత్త టంకం వేసినాను. చిటికెలో పని. ఐసీ తెప్పించాల్సిన పని లేకపోయింది. మహబూబ్ సాబ్ తన మద్రాసు మాట తనే మరిచిపోయినట్లు నటించినాడు, నేనూ గుర్తు చేయలేదు.

పరీక్ష కోసం మా రెండు స్పీకర్లకు కలిపి ఆ డిస్కు పెట్టినాను. ఇద్దరం విన్నాము. అడుగులు ఎడమ పెట్టెలో మొదలై, మధ్యకొచ్చి, కుడి పెట్టెలోకి పోయి ఆగినాయి.

"ఆ ఇంట్లో కూడా ఇట్లే నడిచినాడా?" అని అడిగినాడు సాబ్.

"ఇట్లే సాబ్. కిటికీ నుంచి మెట్ల దాకా. మా తలల మీదుగానే పోయినాడు" అని చెప్తూ చెప్తూ ఆగిపోయినాను.

ఆ గదిలో పనిచేస్తున్నది ఒక్కటే పెట్టె. కిటికీ వైపుది. రెండోదాని వైరు ఎలుకలు కొరికేసి ఉండినాయి. మూత తీసినప్పుడే చూసినాను, దాన్ని తర్వాత అతికిద్దామనుకున్నాను. పెట్టె ఒక్కటే అయితే శబ్దం ఉన్నచోటే ఉంటుంది. పెరుగుతుంది, తగ్గుతుంది. నడవదు. ఈ గోడ నుంచి ఆ గోడకు పోవడానికి రెండో పెట్టె కావాలి. లింగమ్మ పైకొచ్చి విన్నప్పుడు అడుగులు కిటికీ దగ్గరే పుట్టి అక్కడే తగ్గిపోయినాయి, అదీ గుర్తుంది.

కింద కూర్చున్నప్పుడు మాత్రం నడిచినాడు. మెట్ల పైన ఆగినాడు. లింగమ్మ ముఖం తిరిగింది, నా ముఖం తిరిగింది.

మహబూబ్ సాబ్ డిస్కు ఆపినాడు. ఎండకు రేకులు సాగి చప్పుడు చేస్తాయన్నాడు. మనసు అనుకుంటే చెవి వింటుందన్నాడు. రెండూ నిజమే. నేను కూడా అప్పటినుంచి వేరే కారణాలు చాలా కట్టుకున్నాను. ఏ కారణమూ ఆ అడుగుల మీద సరిగ్గా కూర్చోదు. ఎక్కడో ఒకచోట ఎత్తుగా ఉంటుంది.

పిల్లలకు నేను చెప్పేది ఇంతే. కనిపెట్టినదాన్ని కనిపెట్టినానని గట్టిగా చెప్పండి, దానివల్ల ఒక మనిషికి దెబ్బలు తప్పుతాయి. మిగిలిపోయినదాన్ని మిగిలిపోయిందనే చెప్పండి. నాకు అన్నీ తెలుసన్న మెకానిక్ దగ్గర నేను గడియారం కూడా బాగుచేయించుకోను.

తిరిగి ఇచ్చిన రోజు

మళ్లీ ఎమ్మిగనూరు పోయినాను. ప్లేయరును దాని చోట పెట్టినాను. రెండో పెట్టెకు కొత్త వైరు వేసినాను. స్విచ్చి కిందికి జరిపి, ఇది ఇంక దానంతట అది మొదలుకాదని, ఏ పొద్దు నొక్కినా తిరుగుతుందని తిక్కయ్యకు, సావిత్రమ్మకు చూపించినాను. పొద్దున వేళ, గది ఇంకా చల్లగానే ఉంది. నొక్కగానే డిస్కు తిరిగింది.

లింగమ్మను ఇద్దరూ పట్టుకుని పైకి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టినారు. ఆమె నన్ను దగ్గరికి పిలిచింది.

"బాగాయనా అప్పా?"

"బాగైందమ్మా. ఇంక తిప్పలు పెట్టదు."

"అయితే ఇంగ మనం ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తాడు."

ఆమెకు అంతా చూపించినాము. ఆమే పెట్టె మీద చెయ్యి పెట్టి చూసుకుంది. సావిత్రమ్మ నా వైపే చూస్తోంది. బతిమాలడం లేదు, ఊరికే చూస్తోంది.

"వస్తాదమ్మా" అన్నాను. మిషను సంగతే చెప్పినాను.

"వస్తాడు" అన్నది లింగమ్మ, నేనేదో తప్పు పలికినట్లు.

ఏ మీటో కోడలిని అడిగి, తనే వేలు పెట్టి నొక్కింది. చీర కొంగు సర్దుకుని, ఒళ్లు కదిలించి, తిరిగి కూర్చుంది. పెట్టెల వైపు కాదు. తలుపు వైపు.

నేను సంచి తీసుకుని బయటికి వచ్చినాను. వెనక మొదటి అడుగు పడింది. ఆ మెట్లు ఇద్దరు పట్టేంత వెడల్పువి. నేను గోడకు ఒదిగి, సగం మెట్టు ఖాళీగా వదిలి, ఒక్కొక్కటే దిగినాను.